డ్రైవరులేని లారీ

కొంతకాలము క్రిందట లారీ డ్రైవర్ల జీవితమును గూర్చి ఒక కార్యక్రమము సిద్ధము చేయవలసివచ్చి, మేము విజయవాడ నుండి హైదరాబాదు పోవు రహదారి మీద ఒక రాత్రియంతయు గడపినాము. నందిగామ దాటిన తరువాత దారి ప్రక్కన ఒక హోటలు ముందు పది పన్నెండు లారీలు ఆగియున్నవి. నులకమంచముల మీద కొందరు నిద్రించుచున్నారు. కొందరు రొట్టెలు తినుచున్నారు. ఒకడు ఇనుపకమ్మీతో టైరులను తట్టి, ఆ చప్పుడును బట్టి గాలి చూచుకొనుచున్నాడు. మేము రికార్డు యంత్రమును తెరచి, ఏబది ఏండ్లు దాటిన ఒక డ్రైవరును కూర్చుండబెట్టి మా ప్రశ్నలు మేము వేసినాము. రోజుకు ఎన్ని గంటలు నడపుదురు, ఇంటి మొగము ఎన్ని దినములకు చూతురు, నిద్ర ఎప్పుడు, తిండి ఎక్కడ - అన్నిటికిని ఓపికతో బదులు చెప్పినాడు. చివరకు అతడు, "నేనొకటి అడగనా బాబుగారూ?" అన్నాడు. "అమెరికాలో డ్రైవరు లేకుండా లారీలు నడుస్తున్నాయని మావాడు సెల్లులో చూపించాడు. నిజమేనాండీ? నిజమైతే వాణ్ణి ఈ స్టీరింగు మీద కూర్చోబెట్టనా, వద్దా? చదువుకున్నవాళ్ళు మీరు, చెప్పండి."

మేము చదువుకొన్నవారమే గాని, ఆ ప్రశ్నకు ఆ రాత్రి మా యొద్ద సమాధానము లేదు. ఏదో అని తప్పించుకొన్నాము. కార్యక్రమము ప్రసారమైనప్పుడు ఆ ప్రశ్నను మేమే కత్తిరించినాము. కాలము చాలలేదని మాకు మేము చెప్పుకొన్న కారణము. ఈ ప్రసంగము ఆ బాకీని తీర్చుకొనుటకే.

మొదటిమాట. అది నిజమేనా? నిజమే. 2025 ఏప్రిల్ నెల చివర అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున, డల్లాసు హ్యూస్టను నగరముల నడుమ, అరోరా అను సంస్థ డ్రైవరు లేని సరకుల లారీని కిరాయికి నడపుట ఆరంభించినది. ఆ రెండు ఊళ్ళ నడుమ దూరము సుమారు 240 మైళ్ళు, అనగా 385 కిలోమీటర్లు. మన విజయవాడ హైదరాబాదుల నడిమి దారికంటె నూరు కిలోమీటర్లకు పైగా హెచ్చు. తెలుగు కుటుంబములు వేలసంఖ్యలో కాపురమున్న ఊళ్ళే అవి రెండును. ఆ రాష్ట్రమున 2017లోనే డ్రైవరు లేని బండ్లు రోడ్డెక్కుటకు చట్టము దారి యిచ్చినది. ఐతే ఆరంభించిన కొన్ని వారములకే, లారీని తయారుచేసిన సంస్థ కోరగా, ముందు సీటులో ఒక మనిషిని మరల కూర్చుండబెట్టినారు. అతడు బండి నడపడు. ఊరక కూర్చుండి చూచుచుండును. ఈ సంగతి చదివినప్పుడు మాకు కొంచెము నవ్వు వచ్చిన మాట నిజము. మనిషి అవసరము లేని బండిని కనిపెట్టినవారు, అవసరము లేని మనిషికి మరల జీతమిచ్చి కూర్చుండబెట్టవలసి వచ్చినది గదా.

ఇది ఒక్కనాటిలో పుట్టిన పని కాదు. 2016 అక్టోబరులో కొలరాడో రాష్ట్రమున ఒక లారీ ఏబది వేల బీరు డబ్బాలను రమారమి 120 మైళ్ళు మోసుకొని పోయినది. రహదారి మీద ఉన్నంతసేపు డ్రైవరు తన సీటు విడిచి వెనుక పడకగదిలో కూర్చుండినాడు. ఇక అయిదారేండ్లలో డ్రైవర్లందరును ఇండ్లకు పోవుదురని పత్రికలు వ్రాసినవి. ఆ ప్రయత్నమును కొని నడపిన ఊబరు సంస్థ 2018లో దానిని మూసివేసినది. స్టార్‌స్కీ అను మరియొక సంస్థ 2019లో ఫ్లోరిడాలో మనిషి లేకుండ తొమ్మిది మైళ్ళు నడపి, మరుసటి సంవత్సరమే మూతపడినది. టూసింపుల్ అను సంస్థ 2021 డిసెంబరులో ఆరిజోనాలో ఎనుబది మైళ్ళు నడపినది, అదియు నిలువలేదు. ఇటువంటి పనిలో పేరుమోసిన వేమో సంస్థ సైతము 2023లో లారీలను ప్రక్కకు నెట్టి, కారుల మీదనే దృష్టి నిలిపినది. కనుక ఆ డ్రైవరు ఈ వార్తను పదేండ్ల నాడు విని భయపడియుండినచో, పదేండ్లు వృథాగా భయపడియుండెడివాడు. అట్లని భయమునకు కారణము లేదనుట గూడ పొరబాటే. పనిముట్టు ఒకసారి నడచినదనగా, పదిమంది చేతిలో చెడిపోయినను పదునొకండవవాని చేతిలో నిలుచుట మనము చూచుచున్నదే. ఆస్ట్రేలియాలో పిల్బరా ఇనుపగనులలో 2008 నుండి డ్రైవరు లేని పెద్ద డంపర్లు తిరుగుచున్నవి. వానిని కనిపెట్టి యుండువారు పదిహేను వందల కిలోమీటర్ల దూరమున, పెర్తు నగరములో, చల్లని గదిలో కూర్చుందురు. గనిలో ఎదురువచ్చు బాటసారి లేడు, గేదె లేదు. అక్కడ యంత్రము సులభముగా గెలిచినది.

రహదారి మాట వేరు. లారీ నెత్తిమీదను ప్రక్కలను కెమెరాలు, రాడారులు, లైడారు అను లేజరు కాంతితో దూరము కొలచు కండ్లు అమర్చుదురు. ఆ కాంతి పోయి ఎదుటి వస్తువును తాకి తిరిగివచ్చిన కాలమును బట్టియు, వచ్చినప్పటి మార్పును బట్టియు అది ఎంత దూరములో నున్నది, ఎంత వేగముతో కదలుచున్నది లెక్కకట్టును. ఇట్లు నాలుగు వందల మీటర్ల ముందున్నది చీకటిలో గూడ తెలిసికొందుమని అరోరావారు చెప్పుదురు. ఇది చిన్న విషయము గాదు. అక్కడి పెద్దరహదారుల మీద నిండు లారీ బరువు 80,000 పౌనులు, మన లెక్కలో 36 టన్నులు ఉండవచ్చును. గంటకు 65 మైళ్ళ వేగముతో పోవు అట్టి బండి నిలుచుటకు నూట అరువది మీటర్ల చోటు కావలెను. మనిషి కన్ను రాత్రివేళ లైటు వెలుగులో అంత దూరము స్పష్టముగా చూడజాలదు. యంత్రమునకు కునుకు రాదు, మనసు ఇంటిమీదికి పోదు. ఈ మాటలో నిజమున్నది. తెల్లవారుజామున మూడుగంటలకు నిద్రమత్తులో, ఆగియున్న లారీని వెనుకనుండి గ్రుద్దిన లారీల సంగతి మన పత్రికలలో లేని వారమున్నదా?

ఐనను నడపుట ఒక్కటే డ్రైవరు పని కాదు. అమెరికా చట్టము ప్రకారము దారిలో ఆగిపోయిన లారీ డ్రైవరు పది నిమిషములలోపల దిగి, వెనుకవచ్చు వారికి తెలియునట్లు మూడు త్రికోణపు గుర్తులను రోడ్డుమీద ఉంచవలెను. డ్రైవరే లేనప్పుడు ఉంచువారెవ్వరు? దీనికి బదులు బండికే మెరయు దీపములు పెట్టుదుమని సంస్థలు అడిగినవి. 2024 డిసెంబరులో ప్రభుత్వము కాదన్నది. వ్యవహారము న్యాయస్థానమునకు పోయినది. 2025 అక్టోబరులో తాత్కాలికముగా సరేనన్నది. మన రోడ్లమీద ఇరుసు విరిగిన లారీ వెనుక ఒక చెట్టుకొమ్మ, నాలుగు రాళ్ళు కనబడునే, అదే ఈ త్రికోణములు. ఆ రాళ్ళు పెట్టు చేయి యెంత అవసరమో అగ్రరాజ్యపు సర్కారును కోర్టును ఒక యేడాది ఆలోచించినవి. టార్పాలిను త్రాడు వదులైనదని అద్దములో చూచి ఆపుట, ధర్మకాటా వద్ద మాటాడుట, గోదాము వాకిట వరుసలో నిలుచుట, హమాలీలు దించునప్పుడు బస్తాలు లెక్కపెట్టుట - ఇవన్నియు ఆ డ్రైవరు మాకు చెప్పిన జాబితాలోనివే.

ఇందుచేతనే అక్కడివారు పని మొత్తమును యంత్రమునకు అప్పగింపదలపలేదు. ఊరిలోని గోదాము నుండి పెట్టెను మనిషి తోలుకొనివచ్చి, రహదారి ఒడ్డున నున్న ఒక అడ్డాలో విడుచును. అక్కడనుండి వందల మైళ్ళ తిన్నని దారిని యంత్రము లాగికొనిపోవును. అవతలి ఊరి చివర మరియొక మనిషి అందుకొనును. చూచుటకు ఇది న్యాయమైన పంపకమువలెనే కనబడును. దూరప్రయాణము యంత్రమునకు, ఊరిలోపలి పని మనిషికి. రాత్రికి ఇంటికి చేరవచ్చును గదా అందురు.

దీనిలోని చిక్కును స్టీవ్ విసెల్లి అను సామాజిక శాస్త్రజ్ఞుడు 2018లో వెలువడిన ఒక నివేదికలో విప్పి చూపినాడు. ఆయన పుస్తకములు చదివి వ్రాసినవాడు మాత్రమే కాదు. పరిశోధనకై తానే లారీ డ్రైవరుగా పనిచేసినవాడు. అమెరికాలో పెద్ద లారీల డ్రైవర్లు ఇరువది లక్షల మంది చుట్టుపట్ల ఉన్నారు. వీరందరికిని ముప్పు లేదనియు, దూరప్రయాణపు ఉద్యోగములలో 2,94,000 మాత్రము మిక్కిలి ప్రమాదములో నున్నవనియు ఆయన లెక్క. ఇరువది లక్షలలో మూడు లక్షలేనా అని మనము ఊరట చెందవచ్చును. కాని ఆ మూడు లక్షలలో మంచి జీతము గల ఉద్యోగములు కొన్ని ఉన్నవి. వానికి బదులుగా పుట్టు ఊరిలోపలి పనులో? రేవుల వద్దను గోదాముల వద్దను గంటలకొలది కాచియుండుట, బండి డ్రైవరుదే, ఖర్చు డ్రైవరుదే, జీతగాడని చెప్పుటకు కాగితము గూడ ఉండదు. ఉద్యోగముల లెక్క సరిపోవచ్చును, బ్రతుకు సరిపోదు. నివేదికలో మాకు ముఖ్యముగా తోచినది ఇదే.

సంస్థలవారు చెప్పు మరియొక మాట గలదు. డ్రైవర్లు దొరకుట లేదు, అందుచేతనే యంత్రము అని. ఈ మాటను మేము పూర్తిగా నమ్మలేకున్నాము. అక్కడ దూరప్రయాణపు డ్రైవరుకు కూలి మైలు లెక్కన. చక్రము తిరిగినంతసేపే డబ్బు. గోదాము ముందు నాలుగు గంటలు నిలిచినచో ఆ నాలుగు గంటలును చాలమందికి ఉచితమే. 1980లో లారీల కిరాయిమీద ప్రభుత్వపు కట్టడి సడలిన తరువాత పోటీ పెరిగి, కార్మిక సంఘముల బలము తగ్గి, కూలి విలువ పడిపోయినది. పెద్ద సంస్థలలో చేరినవారు చేరినట్లే మానివేయుదురు; 2018, 2019 సంవత్సరములలో ఏడాదికి నూటికి తొంబది మంది లెక్కన మానివేసినారు. నూతిలో నీరు లేక కాదు, బొక్కెనకు చిల్లి యుండుటచేత. ఆ చిల్లి మాన్పుటకు డబ్బు లేదన్నవారికి, యంత్రము మీద వందలకోట్ల డాలర్లు వెచ్చించుటకు మాత్రము డబ్బున్నది.

చట్టము ప్రకారము అక్కడ మనిషి పది గంటలు విశ్రమించిన పిమ్మట, పదునాలుగు గంటల వ్యవధిలో పదునొకండు గంటలు మాత్రమే నడపవలెను. యంత్రమునకు ఆ నియమము లేదు. ఫోర్టువర్తు నుండి ఫీనిక్సుకు వేయి మైళ్ళు. ఒక్క డ్రైవరు ఒక్క రోజులో చేర్చలేని దూరము. లాభమంతయు ఇక్కడ నున్నది. ఆ లాభములో డ్రైవరుకు భాగమేమైన కలదా అనునదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్న క్రొత్తదేమియు కాదు. ఆ హ్యూస్టను నగరమునకే 1956 ఏప్రిల్ 26వ తేదీన న్యూయార్కు ప్రక్కనున్న నూవార్కు రేవు నుండి ఐడియల్-ఎక్స్ అను ఓడ బయలుదేరినది. దాని మీద 58 ఇనుపపెట్టెలు. పంపినవాడు మాల్కమ్ మెక్లీన్. ఒక్క లారీతో జీవితము ప్రారంభించిన లారీల యజమాని. అంతవరకు కూలీలు బస్తాబస్తాగా ఎత్తి దించినచో టన్నుకు ఆరు డాలర్లకు కొంచెము తక్కువ పడెడి ఖర్చు, పెట్టెలతో పదునారు సెంట్లకు దిగినది. ఓడరేవు కూలీల చేతిలోని పని ఇరువది ముప్పది ఏండ్లలో కరగిపోయినది. నేడు మన విశాఖపట్టణము రేవులో దొంతరలుగా కనబడునవి ఆ పెట్టెల వంశములోనివే.

ఆ మార్పు వచ్చునప్పుడు అమెరికా పడమటి తీరపు రేవుకూలీల నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్ ఒక విశేషమైన పని చేసినాడు. ఆయన పేరుమోసిన సమ్మెల నాయకుడు. యంత్రమును ఆపజాలమని ఆయన గ్రహించి, 1960లో యజమానులతో ఒడంబడిక చేసికొన్నాడు. మీ యంత్రములను తెచ్చుకొనుడు; దానికి బదులు అయిదున్నర సంవత్సరములలో రెండుకోట్ల తొంబది లక్షల డాలర్లు కూలీల నిధికి చెల్లింపుడు; సంఘములో నమోదైన పూర్తి సభ్యులలో ఒక్కనిని గూడ పనినుండి తీసివేయరాదు; పెద్దవయసువారు ముందుగా విరమించుకొన్నచో వారికి సొమ్ము ముట్టవలెను. ఇది అందరును మెచ్చిన ఒప్పందము కాదు. పూర్తి సభ్యత్వము లేని యువకులకు దానివలన పెద్ద మేలు కలుగలేదు. పని అమ్ముకొన్నాడని ఆయనను నిందించినవారున్నారు. ఆ నిందలో కొంత న్యాయమున్నను, యంత్రము తెచ్చు లాభములో కూలివానికి హక్కు కలదని కాగితము మీద సంతకము చేయించినవాడు ఆయన అని మా యభిప్రాయము.

లారీ డ్రైవర్లకు అట్టి ఒప్పందము ఇంతవరకు కుదరలేదు. కాలిఫోర్నియాలో 2023లో, బరువు లారీలలో మనిషి తప్పక ఉండవలెనను బిల్లును టీమ్‌స్టర్సు సంఘమువారి పూనికతో శాసనసభ ఆమోదించినది. గవర్నరు న్యూసమ్ దానిని త్రోసిపుచ్చినారు. మరుసటి యేడు మరల వచ్చిన బిల్లుకును అదే గతి పట్టినది. మనిషిని కూర్చుండబెట్టుమని అడుగుట కంటె, లాభములో పాలు అడిగియుండినచో ఏమగునో చెప్పలేము. దూరప్రయాణపు డ్రైవర్లలో సంఘములో చేరినవారే తక్కువ. రేవుకూలీలందరు ఒక్క వాకిట నిలుచుచుండెడివారు. లారీవాడు ఒంటరిగా దేశమంతయు తిరుగువాడు.

ఇక మన సంగతి. డ్రైవరు లేని బండ్లను మన దేశమునకు రానీయనని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిగా నితిన్ గడ్కరీ గారు 2017లోను, మరల 2023లోను చెప్పినారు. డ్రైవర్ల కూడు పోవునన్నదే ఆయన చూపిన కారణము. మరియొక ప్రక్క హైదరాబాదు సమీపమున కందిలోని ఐ.ఐ.టి.లో డ్రైవరు లేని వాహనములను పరీక్షించుటకు ప్రత్యేకముగా ఒక ఆవరణము 2022 జూలైలో ప్రారంభమైనది. ఈ రెండును ఒకే ప్రభుత్వపు పనులే. వలదనుచునే నేర్చుకొనుచున్నాము. ఇందులో తప్పు లేదు. రేపు రానున్న దానిని ఎరుగని వాడు బేరము గూడ చేయలేడు.

మన రహదారి మీద లైడారు కన్నుకు పడు పరీక్షలు వేరు. తప్పుదారిలో ఎదురువచ్చు ట్రాక్టరు, దీపము లేని ఎడ్లబండి, కోతకాలములో సగము రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, డివైడరు సందున నుండి దూకు గేదె. అన్నిటికంటె పెద్ద అడ్డు మరియొకటి. ఇక్కడ మనిషి కూలి చౌక. లక్షల డాలర్ల యంత్రము కొని అంత చౌకైన మనిషిని తీసివేయుటలో వ్యాపారికి లాభము లేదు. చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నను, మన డ్రైవరుకు నేడు రక్ష అతని పేదరికమే.

1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టములో, అది 2025లో రద్దగువరకు, రోజుకు ఎనిమిది గంటలే పని అని వ్రాసియుండెను. ఆ మాట మేము చదివి వినిపించగా ఆ హోటలు ముందు మంచముల మీదివారు లేచి కూర్చుండి నవ్వినారు. క్రొత్త లారీల క్యాబినులో చల్లదనపు యంత్రము తప్పనిసరి అను నియమము 2025లో వచ్చినది. పాత బండ్లకు అది వర్తింపదు. కృత్రిమ మేధ రాకముందే క్లీనరు మాయమైనాడు. "ఇదివరకు బండికి ఇద్దరం. ఇప్పుడు నేనొక్కణ్ణే. నిద్రొస్తే లేపేవాడు లేడు" అని ఆ డ్రైవరే అన్నాడు. ఏ యంత్రమును తీసివేయని మనిషిని యజమానుల లెక్కలే తీసివేసినవి.

ఈ మనుషులు లేనినాడు ఏమగునో మనము ఒకసారి చూచియున్నాము. క్రొత్త శిక్షాస్మృతిలోని ప్రమాదముల సెక్షనుకు నిరసనగా 2024 జనవరి మొదటి రెండు దినములు డ్రైవర్లు బండ్లు నిలిపివేయగా, హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు వీధులకు వీధులు వరుసలు నిలిచినవి. మా ఇంటిలోనివారే రెండు గంటలు నిలిచి వట్టిచేతులతో తిరిగివచ్చినారు. ఆ సెక్షనును అమలు చేయక నిలిపియుంచుదుమని ప్రభుత్వము చెప్పవలసివచ్చినది.

ఆ డ్రైవరుకు మేము బాకీపడిన సమాధానము ఇది. అయ్యా, మీ అబ్బాయి వయసు పదునెనిమిది అన్నారు. బరువు బండి లైసెన్సుకు ఇరువది నిండవలెను. అంతకుముందు చిన్నబండి లైసెన్సు ఒక యేడాదియైన ఉండవలెను. కనుక రెండేండ్ల గడువు ఎట్లును ఉన్నది. మన దారులలో మీ కాలములో గాని, అతని వయసులోని మొదటి పదిపదిహేనేండ్లలో గాని సీటు ఖాళీ కాదని మాకు తోచుచున్నది. ఇది ఊహయే గాని హామీ కాదు. ఈ రెండేండ్లును అతనిని ఆటోనగరులో బండి విద్యుత్తు పని తెలిసిన మేస్త్రీ వద్ద ఉంచుడు. ఇంజను పనికంటె వైరింగు పని, సెన్సర్ల పని ముందు నేర్వనిండు. డ్రైవరు లేని లారీకైనను అద్దము తుడుచు చేయి, తెగిన తీగ అతుకు చేయి కావలెను. స్టీరింగు పట్టిననాడు సంఘములో పేరు వ్రాయించుకొమ్మనుడు. మీకు ఆ అలవాటు లేదని ఆ రాత్రి చెప్పినారు.

ఆయన లారీ నంబరు మా నోటుపుస్తకములో ఉన్నది. పేరు మాత్రము అడుగుట మరచినాము. ఆయన క్యాబినులో రేడియో ఉన్నది. రాత్రివేళ పాటలకై పెట్టుకొందునన్నాడు.